కొత్త సారథి

మహాభారతం అరణ్యపర్వంలోని నలోపాఖ్యానం చదివినవారికి బాహుకుడు గుర్తుండే ఉంటాడు. రాజ్యం పోగొట్టుకొని, కర్కోటకుని కాటువల్ల రూపు మారిన నలమహారాజు ఆ పేరుతో అయోధ్యాధిపతి ఋతుపర్ణుని కొలువులో సారథిగా చేరతాడు. ఒక్కరోజులో విదర్భ చేరవలసిన ప్రయాణంలో రాజు ఉత్తరీయం జారిపడుతుంది. రథం ఆపమంటాడు రాజు. అది అప్పుడే యోజనం దూరం వెనుకబడిపోయిందంటాడు బాహుకుడు. ఆ వేగాన్ని గురించి అందరూ చెప్పుకొంటారు. అంతగా చెప్పుకోనిది ఆ తరువాతి ఘట్టం. దారిలో కనిపించిన తాండ్రచెట్టు ఆకులను, కాయలను ఋతుపర్ణుడు చూపుతోనే లెక్కించి చెప్పగా, ఆ లెక్క సరిచూడాలని బాహుకుడు రథం నిలిపివేస్తాడు. పొద్దుపోతున్నదని రాజు తొందరపడతాడు. అంత తొందరైతే వార్ష్ణేయుణ్ణి సారథిగా పెట్టుకొని వెళ్లవచ్చునంటాడు బాహుకుడు. చివరకు రాజే తగ్గుతాడు. రథం ఎవరిదైనా, దానిని ఆపగలవాడు పగ్గాలు పట్టినవాడొక్కడే.

ఈ కాలపు సారథులలో లారీ డ్రైవర్లది పెద్ద సంఖ్య. మనం తినే బియ్యం, పొలంలో చల్లే ఎరువు, ఇంటికి వాడే సిమెంటు ఏదో ఒక దశలో వారి చేతులమీదుగా వచ్చినవే. రోడ్డుమీద వారిని రోజూ చూస్తూనే ఉంటాం. కాని ఆ వృత్తిలోకి ఒక యువకుడు ఎలా ప్రవేశిస్తాడో, మొదటి నెలల్లో అతడు నేర్చుకొనేదేమిటో గమనించే సందర్భం మనకు తక్కువ.

ఆంధ్రప్రదేశ్, ఒడిశాల సరిహద్దుకు చేరువలో, వేగావతి నది ఒడ్డున సాలూరు పట్టణం ఉంది. 2022 ఏప్రిల్ వరకు విజయనగరం జిల్లాలో ఉండి, ఆ తరువాత పార్వతీపురం మన్యం జిల్లాలో చేరింది. సంగీతప్రియులకు ఆ ఊరు పట్రాయని సీతారామశాస్త్రి వల్ల, సాలూరు రాజేశ్వరరావు వల్ల పరిచితం. రవాణారంగంలో ఉన్నవారికి మాత్రం సాలూరంటే లారీలే. విజయవాడ తరువాత లారీ పరిశ్రమకు పేరు తెచ్చుకొన్న ఊళ్లలో అది ముందువరుసలో నిలుస్తుంది. దీనికి కారణం ఆ ఊరున్న చోటు. విశాఖపట్నం రేవునుంచి ఛత్తీస్‌గఢ్‌లోని రాయపూర్‌కు పోయే పాతదారి ఇక్కడే కొండ ఎక్కడం మొదలుపెడుతుంది. ఒకప్పుడు ఆ దారి పేరు 43వ జాతీయ రహదారి. సంఖ్యలు మార్చిన తరువాత సాలూరు మీదుగా పోయే భాగం 26వ నంబరయింది. సాలూరు సముద్రమట్టానికి నూరు మీటర్ల పైచిలుకు ఎత్తులో ఉంటే, కోరాపుట్ ఎనిమిదివందల మీటర్లకు పైగా ఎత్తున ఉంది. ఈ తేడాలో చాలాభాగాన్ని పి.కోనవలస, సుంకి ఘాట్ రోడ్డు మలుపుల్లోనే అధిగమించాలి. ఈ ఘాట్‌ను తప్పించి, విశాఖపట్నం రాయపూర్‌ల దూరాన్ని 464 కిలోమీటర్లకు తగ్గించే ఆరు వరుసల కొత్త రహదారికి ఆంధ్రప్రదేశ్ భాగంలో 2022 నవంబరులో శంకుస్థాపన జరిగింది. పాతదారిలో ఆ దూరం దాదాపు ఆరువందల కిలోమీటర్లు. ఇక్కడ చెప్పుకొనే ప్రయాణం పాతదారిదే.

ఆ ప్రాంతపు పల్లెలో పుట్టిన ఒక యువకుణ్ణి ఊహించుకొందాం. అతనికి పేరు అక్కరలేదు. అతనివంటివారు ఆ చుట్టుపక్కల ఎందరో ఉన్నారు. ఇంటర్మీడియట్ రెండో ఏట చదువు మానుకొన్నాడు. పద్ధెనిమిది నిండగానే చిన్నబండి లైసెన్సు తీసుకొని, కూరగాయలు మోసే ట్రాలీ ఆటో నడిపాడు. 1988నాటి మోటారు వాహనాల చట్టం ప్రకారం రవాణా వాహనం నడపడానికి ఇరవై ఏళ్లు నిండాలి. తేలికపాటి వాహనం లైసెన్సు పొంది ఏడాది గడిస్తేగాని రవాణా వాహనం నేర్చుకొనే లైసెన్సు ఇవ్వరు. ఎనిమిదో తరగతి ఉత్తీర్ణత కావాలనే నియమం ఒకటి ఉండేది. దానిని 2019లో తొలగించారు. ఇతడు ఇరవైరెండో ఏట పెద్దబండి లైసెన్సు చేత పట్టుకొని, విశాఖపట్నంలోని ఒక రవాణా కంపెనీ గుమ్మం ఎక్కాడు.

వెనుకటి తరంలో ఈ గుమ్మం ఇలా ఎక్కేవారు కారు. కుర్రవాడు ముందు క్లీనరుగా చేరేవాడు. లారీ కడగడం, టైరు విప్పడం, వంట చేయడం, మలుపుల్లో చేయి ఊపి దారి చూపడం, ఎత్తులో బండి ఆగితే దిగి చక్రం కింద చెక్కదిమ్మ పెట్టడం అతని పనులు. నాలుగైదేళ్లు గడిచాక, తెల్లవారుజామున ఖాళీ రోడ్డుమీద డ్రైవరు స్టీరింగు అప్పగించేవాడు. చదువు చెప్పే బడి లారీ క్యాబినే. డ్రైవరును గురువుగారూ అని పిలవడం ఆ రోజుల్లో ఉట్టి మర్యాద కాదు. అందులో తిట్లూ తన్నులూ కూడా ఉండేవన్నది నిజమే. ఇప్పుడు క్లీనరు లేని లారీలే ఎక్కువ. కిరాయిలో మిగులు తగ్గిపోవడంతో రెండో మనిషి జీతం యజమానికి బరువైంది. ఆ బడి మూతపడింది. దాని స్థానంలో మరొకటి సరిగా తెరుచుకోలేదు. కొత్తవానికి కంపెనీ ఇచ్చేది రెండు ట్రిప్పుల తోడు. మూడో ట్రిప్పు అతనొక్కడే వెళ్లాలి.

మొదటిరోజు అతనికి స్టీరింగు దక్కలేదు. గుమాస్తా ఎదుట కూర్చోబెట్టి కాగితాలు చూపించారు. రిజిస్ట్రేషను, ఫిట్‌నెసు, ఇన్సూరెన్సు, కాలుష్య ధ్రువపత్రం, నేషనల్ పర్మిటు ఒక సంచిలో ఉంటాయి. సరుకుకు బిల్లు, ఈ-వే బిల్లు వేరుగా ఉంటాయి. 2017 జూలై 1న జి.ఎస్.టి. వచ్చాక సరిహద్దుల్లో వాణిజ్యపన్నుల చెక్‌పోస్టులు పోయాయి. మరుసటి ఏడాది ఏప్రిల్ నుంచి రాష్ట్రం దాటే సరుకుకు ఈ-వే బిల్లు వచ్చింది. చెక్‌పోస్టు దగ్గర గంటలకొద్దీ నిలబడే బాధ తప్పింది గాని, గడియారం కాగితంలోకి ఎక్కింది. 2021 జనవరి నుంచి ప్రతి 200 కిలోమీటర్లకు ఒకరోజు చొప్పున ఆ బిల్లుకు గడువు లెక్కిస్తున్నారు. రాయపూర్ ప్రయాణానికి మూడు రోజులు. గడువు మీరే పరిస్థితి వస్తే వెంటనే ఆఫీసుకు చెప్పి పొడిగించుకోవాలి. ఆ మాట గుమాస్తా రెండుసార్లు చెప్పాడు.

డీజిలు లెక్క మాత్రం ఒక్కసారే చెప్పాడు. కొత్తవానికి బాగా గుర్తుండిపోయినది అదే. ట్రిప్పుకు ఇన్ని లీటర్లని కంపెనీ నిర్ణయిస్తుంది. అంతకు మించితే బత్తాలో కోత. మిగిలితే అందులో కొంత డ్రైవరుకు.

తోడుగా వచ్చిన పెద్ద డ్రైవరు సాలూరువాడే. అరవైకి దగ్గరపడ్డ మనిషి. రేవులో ఎరువు బస్తాలు లోడవుతున్నంతసేపూ అతడు కుర్రవాణ్ణి క్యాబినులో కూర్చోనివ్వలేదు. హమాలీలు బస్తాలు పేర్చే తీరు చూడమన్నాడు. బరువంతా వెనక్కి పడితే ముందుచక్రాలు రోడ్డును గట్టిగా పట్టవు. ఒక పక్కకు పడితే మలుపులో బండి ఒరుగుతుంది. తరువాత కాటా. మూడు ఇరుసుల లారీకి సరుకుతో కలిపి ఉండదగిన మొత్తం బరువును కేంద్రప్రభుత్వం 2018లో 25 టన్నులనుంచి 28.5 టన్నులకు పెంచింది. కాటా చీటీ చూసుకొని, బస్తాలమీద బరకం కప్పి, మోకులు బిగించారు. ముడి వేయడం కుర్రవానికి మూడుసార్లకుగాని కుదరలేదు.

"బరకం కింద చుక్క నీరు పోతే ఎరువు రాయయిపోతాది. ఆ రాయి నీ నెత్తిమీద పడతాది నాయనా" అన్నాడు పెద్దాయన.

ఇంజను స్టార్టుచేసిన వెంటనే కదలకూడదన్నది తరువాతి పాఠం. పెద్ద లారీలకు గాలి బ్రేకులు ఉంటాయి. గాలి ఒత్తిడిని చూపే ముల్లు పైకి లేచేదాకా ఆగాలి. టైర్లను సుత్తితో కొట్టి ఆ చప్పుడు వినాలి. గాలి తగ్గిన టైరు చప్పుడు మెత్తగా ఉంటుంది. లోపలివైపు జంట టైర్లకు చెవి దగ్గరగా పెట్టాలి. ఇవేవీ లైసెన్సు పరీక్షలో అడగనివి.

ఎక్కేటప్పుడు ఘాట్ కుర్రవాణ్ణి అంతగా భయపెట్టలేదు. బరువున్న బండి ఎత్తులో మెల్లగా పోతుంది, తప్పు చేసినా దిద్దుకొనే వ్యవధి ఉంటుంది. భయం దిగేటప్పుడు. రాయపూర్‌లో ఎరువు దించి, విశాఖ రేవుకు బియ్యం బస్తాలు ఎత్తుకొని వచ్చే లారీ, సుంకి దాటాక నిండు బరువుతో కొండ దిగాలి. అప్పుడు ఇంజను అక్కరలేకుండానే బండి పరుగెత్తుతుంది. న్యూట్రల్‌లో వదిలేస్తే డీజిలు మిగులుతుందనే ఆశ అక్కడే పుడుతుంది. గేరులో ఉన్నప్పుడు ఇంజనే చక్రాలను కొంత పట్టి ఉంచుతుంది. న్యూట్రల్‌లో ఆ పట్టు పోయి, భారమంతా బ్రేకుమీద పడుతుంది. ఎడతెగకుండా నొక్కిన బ్రేకు వేడెక్కుతుంది. కాలిన వాసన వస్తుంది. ఆపైన పెడలు ఎంత తొక్కినా బండి లొంగదు.

ఆ దిగుడులో పెద్దాయన ఒకే సూత్రం చెప్పాడు. "ఏ గేరులో ఎక్కినావో ఆ గేరులోనే దిగాల. బ్రేకు ఉన్నది ఆపడానికి, దించడానికి కాదు." రెండో ట్రిప్పులో దిగేటప్పుడు అతడు మాట్లాడలేదు. మలుపు మలుపుకూ కుర్రవాని ఎడమచేతి కేసి మాత్రం చూస్తూ కూర్చున్నాడు. చేయి గేరు రాడ్డుమీదికి పోయినప్పుడు ఒక్కసారి దగ్గాడు. కుర్రవాడు చేయి వెనక్కి తీసుకొన్నాడు.

మూడో ట్రిప్పులో దగ్గేవారు లేరు.

ఎరువుతో బయలుదేరి మరునాటి రాత్రికి రాయపూర్ చేరాడు. అక్కడ దించుకొనేవారు రెండు రోజులు ఆపారు. కాగితంమీద కనిపించని ఇలాంటి ఎదురుచూపు లారీ డ్రైవరు జీవితంలో చాలా ఎక్కువ. అప్పుడు చక్రం తిరగదు కనుక పని చేస్తున్నట్లు ఎవరూ లెక్కించరు. అయినా బండి విడిచి పోరాదు, ఆదమరచి నిద్రపోరాదు. రాత్రి డీజిలు ట్యాంకు మూతకు, బరకం అంచుకు కావలి ఉండాలి. వేసవి. క్యాబిను రేకు పగలంతా కాగి రాత్రి సగందాకా వేడి విడిచేది కాదు. 2025 అక్టోబరు 1 తరువాత తయారైన లారీల క్యాబినులో ఏ.సి. ఉండి తీరాలని కేంద్రప్రభుత్వం నియమం చేసింది. ఇతనికి దక్కిన బండి అంతకు చాలాముందుది.

మూడోనాడు మధ్యాహ్నం బియ్యం లోడు ఎత్తుకొని బయలుదేరాడు. ధమ్తరి, కాంకేర్ దాటి, కేశ్‌కాల్ ఘాట్ ఎక్కి, జగదల్‌పూర్ చేరేసరికి రాత్రి పదిన్నర. అన్నం తిన్నాడు. ఆఫీసునుంచి ఫోను వచ్చింది. రేవులో ఓడకు బియ్యం ఎక్కిస్తున్నారు, ఉదయం ఎనిమిదింటికల్లా బండి వరుసలో ఉండాలి. అతడు సరేనన్నాడు. కొత్తగా చేరినవాడు సరేననక మరేమంటాడు?

లారీ డ్రైవర్ల పనిగంటల మాట చట్టం ఎరుగనిది కాదు. 1961లో పార్లమెంటు చేసిన మోటారు రవాణా కార్మికుల చట్టం రోజుకు ఎనిమిది గంటలు, వారానికి నలభైఎనిమిది గంటలని పరిమితి విధించింది. దూరప్రయాణాలకు పది గంటలదాకా సడలింపు ఇచ్చింది. అయిదు గంటల పని తరువాత కనీసం అరగంట విరామం ఉండాలన్నది. 2020లో వచ్చిన వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల స్మృతి ఆ చట్టం స్థానాన్ని తీసుకొన్నది. అరవై ఏళ్లకు పైబడిన ఈ నియమాలు ఎక్కువ లారీల క్యాబినులోకి ఎక్కనే లేదు. ఎనిమిది గంటలు లెక్కపెట్టేవారెవరు? జి.పి.ఎస్. పెట్టె బండి ఎక్కడ ఆగిందో ఆఫీసుకు చెబుతుంది. డ్రైవరు ఎప్పుడు నిద్రపోయాడో చెప్పదు.

కోరాపుట్ దాటాక అతనికి తన స్థితి తెలిసివచ్చింది. ఎదురుగా వచ్చే బండి దీపాలు రెండుగా కాక ఒకటిగా కనిపించాయి. ఒక మైలురాయి చూసినట్లు గుర్తుంది, దానికి ముందు వచ్చిన ఊరు గుర్తులేదు. కిటికీ తెరిచి ముఖానికి గాలి తగలనిచ్చాడు. పాట పెట్టాడు. సీసాలో నీళ్లు నెత్తిన పోసుకొన్నాడు. ఆంధ్రప్రదేశ్‌లో జాతీయ రహదారులమీద రాత్రివేళ పోలీసులు లారీలను ఆపి, డ్రైవర్లచేత ముఖం కడిగించి పంపడం ఉంది. మంచిపనే. కాని ముఖం కడుగుకోవడం నిద్రను వాయిదా వేస్తుందేగాని తీర్చదు. గంటకు అరవై కిలోమీటర్ల వేగంతో పోయే బండి ఒక సెకనులో పదహారు మీటర్లకు పైగా ముందుకు పోతుంది. మూడు సెకన్లు రెప్ప వాలితే యాభై మీటర్లు. ఘాట్‌లో ఒక్కొక్క మలుపుకు ముందు యాభై మీటర్ల తిన్నని దారి కూడా ఉండదు.

సుంకి దగ్గర రోడ్డు పక్క ఖాళీస్థలంలో నాలుగైదు లారీలు ఆగి ఉన్నాయి. సమయం మూడుంపావు. అక్కడినుంచి రేవుకు సుమారు నూటయాభై కిలోమీటర్లు. ఆగకుండా పోతేనే ఎనిమిదికి అందుతాడు. ఆగితే అందడు. అందకపోతే వరుస పోతుంది, ఒకరోజు బత్తా పోతుంది, కొత్తవాడనే మాట మిగులుతుంది. ఈ లెక్కలన్నీ అతడు స్టీరింగుమీద చేతులు పెట్టుకొనే వేసుకొన్నాడు. బాహుకునికి అశ్వహృదయం తెలుసు. అతణ్ణి వదులుకొంటే ఋతుపర్ణునికి ఆ పూట విదర్భ దక్కదు. కనుక ఆపగలిగాడు. ఈ కుర్రవాని చేతిలో అటువంటి విద్య లేదు. అతణ్ణి తీసివేస్తే ఆ సాయంత్రానికి మరొకడు దొరుకుతాడు.

అయినా బండిని పక్కకు తీశాడు. హ్యాండ్‌బ్రేకు వేసి, దిగి, వెనుకచక్రాల కింద రెండువైపులా చెక్కదిమ్మలు పెట్టాడు. ఆఫీసుకు ఫోను చేశాడు. రాత్రి డ్యూటీ గుమాస్తా ఎత్తాడు.

"సుంకి దగ్గర ఆపేసినానండి. నిద్రొస్తోంది. తెల్లారినాక దిగుతానండి."

"బండికేమైనా అయిందా?"

"లేదండి. బండి బాగుంది."

అవతల కొంతసేపు మాట లేదు. మేనేజరుగారికి ఏం చెప్పమంటావని గుమాస్తా అడిగాడు. ఇదే చెప్పమన్నాడు కుర్రవాడు. ఫోను పెట్టేశాక కూడా గుండె దడ తగ్గలేదు. అయితే ఆ దడ నిద్రను ఆపలేకపోయింది.

ఆరింటికి పక్క లారీ హారనుకు మెలకువ వచ్చింది. కొండలమీద వెలుతురు పరచుకొంది. టీ తాగి, టైర్లు కొట్టి చూసి, గాలి ముల్లు లేచేదాకా ఆగి, ఎక్కినప్పుడు వేసిన గేరులోనే దిగసాగాడు. సగం దిగాక ఒక మలుపులో కొండవైపు గట్టుకు ఆనించి ఆపిన లారీ కనిపించింది. వెనుకచక్రాలనుంచి సన్నగా పొగ వస్తోంది. దాని డ్రైవరు రాయిమీద కూర్చొని తల పట్టుకొన్నాడు. మనిషికి దెబ్బ తగలలేదు. కుర్రవాడు వేగం తగ్గించి, ఏమైనా కావాలా అని అడిగాడు. అతడు వద్దని చేయి ఊపాడు. డ్రమ్ములు చల్లారేదాకా చేయగలిగింది కూడా లేదు.

రేవు చేరేసరికి పదకొండు దాటింది. వరుస పోయింది. బియ్యం మరునాటికిగాని దిగలేదు. ఒకరోజు బత్తా పోతుందని అతడు ముందే వేసుకొన్న లెక్క తప్పలేదు.

సాయంత్రం ఆఫీసులో ట్రిప్ షీటు అప్పగించాడు. అందులో దారిలో ఆగిన ప్రతిచోటుకూ సమయం, కారణం రాయాలి. సుంకి ఎదురుగా మూడు గంటల నిలుపుదల ఉంది, కారణం గడి ఖాళీగా ఉంది. ఆ గడిలో సాధారణంగా కనిపించే మాటలు పంక్చరు, ట్రాఫిక్, ఇంజను వేడి. ఎవరూ అడగని, ఎవరినీ నొప్పించని కారణాలవి. గుమాస్తా కలం అందించి, పంక్చరని రాసెయ్యమన్నాడు మెల్లగా. అది అతని మేలు కోరి చెప్పిన మాటే.

మేనేజరు లోపలినుంచి వచ్చాడు. షీటు తీసుకొని చూశాడు. ఓడ విషయంలో సరుకువారితో తాను పడవలసి వచ్చిన మాటలన్నీ చెప్పాడు. గొంతు పెద్దదే. కుర్రవాడు తల వంచుకొని విన్నాడు. పెద్ద డ్రైవరు అప్పుడే తన బండి కాగితాలు ఇవ్వడానికి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"ఏమని రాయమంటావు?" అన్నాడు మేనేజరు చివరకు.

"నిద్ర అని రాయండి సార్."

గుమ్మం దగ్గర పెద్దాయన దగ్గాడు. మేనేజరు ఒకసారి అటు చూసి, కూర్చొని, గడిలో ఆ రెండక్షరాలూ రాశాడు. డీజిలు లెక్క చూశాడు. కంపెనీ నిర్ణయించిన దానికన్నా నాలుగు లీటర్లు ఎక్కువ అయింది. దానిని కూడా కోతలో వేసి, కింద సంతకం పెట్టాడు. తరువాత సొరుగు తెరిచి మరో చీటీ తీశాడు. అదే లారీ, ఎరువు లోడు, రాయపూర్. ఉదయం ఆరింటికి రేవులో ఉండాలి.

కుర్రవాడు చీటీ తీసుకొని బయటికి వచ్చాడు. రాత్రికి వాన వచ్చేలా ఉంది. లారీ దగ్గరకు వెళ్లి, మడిచి పెట్టిన బరకం విప్పి, చిరుగులు ఉన్నాయేమోనని వీధిదీపం వెలుగులో ఒక్కొక్క మడత వెతకసాగాడు.